ఏడో బ్లాకులో ముల్లు

నాలో ఒక మంచి గుణం ఉంది. ఏదైనా సరే నలుగురికంటే ముందు నేను చూసెయ్యాలి, చూసొచ్చి ఆ నలుగురికీ చెప్పాలి. మా అక్క దీన్ని గొప్పలు పోవడం అంటుంది. నేను సమాజసేవ అంటాను.

అందుకే, వచ్చే ఏడాది ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరగబోయే స్టేడియం ఇంకా పచ్చి సిమెంటు వాసన కొడుతుండగానే బావ వెంటపడి వెళ్ళాను. బావ అక్కడ తనిఖీ ఇంజనీరు.

తూర్పు గ్యాలరీలో ఏడో బ్లాకుకి అప్పటికే చెడ్డపేరు వచ్చేసింది. పొద్దుగూకాక వాచ్‌మన్లు అటు తొంగిచూడరట. ఖాళీ మెట్లమీద ఎవరో గుసగుసలాడతారట... ఉన్నట్టుండి గుంపుగా నిట్టూరుస్తారట.

"ఇవన్నీ నువ్వు నమ్ముతావా బావా?"

"నేను ముల్లునే నమ్ముతాను," అన్నాడు.

ముల్లంటే — ఆ బ్లాకు కింద, దూలానికి ఆనించిన చిన్న డయల్లో ముల్లు. మెట్లు జనాన్ని మోస్తాయో లేదో తేల్చడానికి పైన ఇసుక బస్తాలు పేర్చి ఇరవైనాలుగు గంటలు వదిలేస్తారు. దూలం వెంట్రుకవాసి వంగినా ముల్లు చెప్పేస్తుంది. ఎర్రగీత దాటిందా, కట్టిందంతా కూలగొట్టాలి. దాటలేదని బావ సంతకం పెడితే, ఆ సంతకం మీద వేలమంది కూర్చుంటారు.

బస్తాలు పేర్చడం నిన్న రాత్రి ఎనిమిదికి అయింది. కాబట్టి ఇవాళ ఎనిమిదికి చూడాలి.

బావ టార్చి వేశాడు.

ముల్లు గీత దాటి ఉంది.

బావ మొహం పాలిపోయింది. నేను ఇంకోటి చూశాను... ముల్లు వణుకుతోంది.

"బావా... ఇసుక బస్తాలు కదలవు కదా?"

"కదలవు."

ఇద్దరం పైకి చూశాం.

"వెళ్ళి చూసిరా," అన్నాడు మెల్లిగా.

"నేనా?"

"ముల్లు దగ్గరున్నవాడు కదలకూడదు. రూలు."

ఆ రూలు అప్పుడే పుట్టిందని నా అనుమానం. నా టార్చి ఒక చేత్తో, చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని మెట్లెక్కాను — పరిగెత్తడానికి కాదు, కొత్త సిమెంటు పాడవకూడదని.

పైన చీకటి. వరసలు వరసలుగా బస్తాలు. అంతలో...

"పరిగెడుతున్నాడు... పరిగెడుతున్నాడు... ఒక్కడే ఉన్నాడు అడ్డం..."

గొంతు కాదు, ఒట్టి ఊపిరి. ఎదురుగా మైదానంలో నరమానవుడు లేడు.

"...పోయింది."

బస్తాలన్నీ కలిసి నిట్టూర్చాయి.

నా చేతిలో టార్చి దానంతటదే వెలిగింది. ఒక బస్తా మెల్లిగా తల తిప్పి నావైపు చూసింది.

"లైటు ఆర్పండి సార్, గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ చూస్తాడు," అంది.

మేస్త్రీ. చలికి ఖాళీ గోనెసంచి కప్పుకున్నాడు. అతని చుట్టూ, బస్తాల సందుల్లో, పనివాళ్ళు.

"ఇక్కడేం చేస్తున్నారయ్యా?"

"మ్యాచ్ చూస్తున్నాం సార్. వచ్చేవారం మా పని అయిపోతుంది. తర్వాత గేటు దగ్గరికి కూడా రానివ్వరు. ఈ మెట్లు పోసింది మేమే, నాలుగు రోజులు కూర్చుందామని..."

"ఎవరు గెలుస్తున్నారు?"

"మనవాళ్ళే," అన్నాడు కామెంట్రీ చెప్తున్న వెల్డరు. "రోజూ మనవాళ్ళే."

ఒక్కొక్కర్నీ లెక్కపెట్టి దింపాను. పంతొమ్మిది మంది. వరస వరసా టార్చి వేసి చూసి, చివర్న నేనూ దిగాను.

బావ డయలు మీదికి వంగే ఉన్నాడు.

"ఒక్కొక్కరు దిగేకొద్దీ వెనక్కొచ్చిందిరా. ఇప్పుడు సరిగ్గా గీతమీద ఉంది. పైన ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

ఆ మాట నా నోట్లో ఉండగానే — ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడి, గీతకి ఇవతలికి వచ్చి ఆగింది. వణుకు పోయింది.

మెట్లవైపు చూశాం. ఎవరూ రాలేదు...

మేస్త్రీ నెత్తిమీది గోనెసంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఈ మెట్లు పోయడం మొదలుపెట్టినప్పుడు ఇరవైమందిమి సార్," అన్నాడు. "పైవరస పోసేనాటికి..."

పైకి చూసి దణ్ణం పెట్టాడు.

బావ రాత్రంతా ముల్లు దగ్గరే కూర్చున్నాడు. ఈసారి రూలు గుర్తుచెయ్యలేదు. తెల్లారేదాకా ముల్లు కదల్లేదు. అప్పుడు సంతకం పెట్టాడు.

ఈ కథ నేను నలుగురికి కాదు, నాలుగొందల మందికి చెప్పుంటాను. మొన్నెవరో అడిగారు, ఆ ఇరవయ్యోవాడి పేరేమిటని.

ఆ రాత్రి మేస్త్రీని నేను అడగలేదు. నాకింకా తెలియదు.