సెక్షన్ ముప్పై ఒకటికి ఉరి

"నీకు ఈత వచ్చా?" అడిగాడు చీఫ్.

"వచ్చు సార్."

"అక్కర్లేదు. ఈసారి నీళ్ళు లేని చోట దూకాలి."

ఏజెంట్ నత్త నవ్వలేదు. ఎంత ముంచుకొచ్చినా తొందరపడడని ఆ పేరు పెట్టింది చీఫే.

"పరాయి దొరలు రాసిన రేవు చట్టంలో ముప్పై ఒకటో సెక్షన్. వాళ్ళ కంపెనీ జెండా కట్టిన ఓడని సోదా చెయ్యకూడదు. దొరలు పోయారు, సెక్షన్ పోలేదు. ఇవాళ పదకొండింటికి సభలో కొత్త నౌకా బిల్లు దాన్ని రద్దు చేస్తుంది. అదే జెండాతో రేవు బయట ఓ ఓడ లంగరేసి ఉంది. విదేశీ ముఠాది. కడుపునిండా పేలుడు సామాను. సెక్షన్ పోతే మనవాళ్ళు అక్కడే సోదా చేసి పట్టుకుంటారు. మిగిలితే, పదకొండున్నరకి ఓడకి దారి చూపే రేవు పైలట్ ఎక్కి దాన్ని లోపలికి తెస్తాడు. రేవు, పైలట్, అంతా బూడిదే. బిల్లు అచ్చులో ఏ మార్పూ జరక్కుండా చూడ్డం నీ పని, లోపల మన నెమలి ఉంటుంది."

"డ్యూటీలో ఉన్న పైలట్ ఎవరు సార్?"

చీఫ్ తల దించుకున్నాడు. "మీ బావ. చెప్పకు. ఆయన వెళ్ళకపోతే ముఠాకి అనుమానం వస్తుంది."

 నత్త కళ్ళముందు అక్క ముఖం మెదిలింది.

తొమ్మిదింటికి సోడాబుడ్డి కళ్ళద్దాలతో, ప్రూఫ్‌రీడర్ వేషంలో సభ అచ్చుగదిలో అడుగుపెట్టాడు. వెనక ఇనుప తలుపుకి బయటనుంచి తాళం పడింది. బిల్లు పాసై గంట మోగేదాకా అది తెరుచుకోదు. ఫోన్లన్నీ గార్డుల దగ్గరే. పెన్నులోని ట్రాన్స్‌మిటర్ ఆ గోడల మధ్య ఉత్త పెన్నయి కూర్చుంది. కాగితాలు సభలోకి వెళ్ళడానికి గోడలో ఒక్క సందు ఉంది.

లోపల ఇద్దరే ఉన్నారు. ముసలి ఫోర్‌మన్, బిల్లు రాసిన లాయరమ్మ. ముత్యాల దుద్దులు, ఖరీదైన సెంటు.

"పోటు ఎన్నింటికి?" మెల్లగా అడిగింది.

"పాటు తీశాక," అన్నాడు. కోడ్ సరిపోయింది. ఈమే నెమలి, తమ మనిషి.

మంత్రి సంతకం పెట్టిన రాతప్రతిని ఆమె పైకి చదివింది. అతను ప్రూఫ్‌తో పోల్చుకున్నాడు. ఎక్కడా తేడా లేదు.

"అయిపోయింది, పంపేద్దాం," అంది నెమలి.

"అదెలా కుదురుతుందమ్మా!" అన్నాడు ఫోర్‌మన్. "చదివినవాళ్ళు దిద్దాలి, దిద్దినవాళ్ళు చదవాలి. చేతులు మారకుండా ఈ గదిలోంచి కాగితమ్ముక్క వెళ్ళదు. ఈ బాబంటే కొత్త. మీకేమైంది?"

నత్త రాతప్రతి అందుకున్నాడు. రద్దయ్యే సెక్షన్ల జాబితాలో ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు ఉన్నాయి. ప్రూఫ్‌లో ముప్పై ఒకటి లేదు! అంకెల వరుస గబగబా చదివేటప్పుడు ఆమె దాన్ని మింగేసింది, విన్నదాన్నే పోల్చుకుంటూ అతనూ గమనించలేదు.

నెమలి లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల రంగు లేదు, పిస్టల్ గొట్టం ఉంది.

"రెండు వైపులా జీతం తీసుకుంటున్నావా?"

"తెలివైనవాడివే. ముసలాయనా, ప్రూఫ్ సందులో వెయ్. నత్తా, రాతప్రతిని శ్రెడ్డర్‌లో పెట్టు. కేకేశారో, ఇద్దరూ ఫినిష్."

ఫోర్‌మన్ ఆమె కాళ్ళమీద పడ్డాడు. "అమ్మా, పిల్లలు గలవాణ్ణి! చంపకమ్మా!"

ఆమె చూపు కిందికి దిగింది. నత్త బతుకులో తొందరపడింది ఆ ఒక్క క్షణమే. రాతప్రతి, ప్రూఫ్ కట్టలు రెండూ బోర్లించి, తారుమారు చేసి, ఒకటి ఫోర్‌మన్ చేతిలో పెట్టాడు. ముసలాయన అట్ట చుట్టి సందులోకి తోసేశాడు. మంత్రి సంతకముంటే సభకి రాతప్రతి చాలని నత్తకి తెలుసు.

పదింబావు దాటింది. నత్త ఒక్కో కాగితం బోర్లాగా శ్రెడ్డర్‌కి తినిపిస్తున్నాడు. మధ్యలో ఇరుక్కుంటే లాగాడు, మళ్ళీ పెట్టాడు. వెన్నులో తుపాకి, ముందు గోడ. అట్ట విప్పి ఎవరైనా ఇదేంటని సందులోంచి అడిగితే చాలు, ఇద్దరి పని సరి. బావ ఈపాటికి పడవ ఎక్కుతుంటాడు. దేవుడా, ఈ గడియారం కదలదేం!

పదకొండుకి నిమిషముందు నెమలి వంగి ఓ పేలిక తీసింది. ముఖం పాలిపోయింది. "అచ్చు అక్షరాలు!"

పిస్టల్ లేచింది. గణగణమని గంట మోగింది. ఆమె తలుపువైపు చూసిన అరక్షణంలో నత్త శ్రెడ్డర్‌ని ఎత్తి ఆ చేతిమీద పడేశాడు. గుండు కప్పులో దిగింది. గార్డులు లోపలికి దూకారు.

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, సర్కారు ఉద్యోగివి కదా, కాస్త మీ వాళ్ళకి చెప్పరా! కొత్త చట్టమట, సోదా అట. నడిసముద్రంలో మూడు గంటలు ఎండబెట్టారు. ఆ పాత సెక్షనే నయం!"

 నత్త కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"తిట్టు బావా," అన్నాడు, "ఇంకాస్త తిట్టు."