పదిహేడో నంబరు మిడత

"పదిహేడు కనబడలేదు," అంది అమ్మ, ఎండ టోపీ తీసి బల్ల మీద పడేస్తూ. "ఏ పిట్టో ఎత్తుకుపోయి ఉంటుంది."

పిడుగు నములుతున్న రొట్టె నోట్లోనే ఆగిపోయింది. పదేళ్ల ఆ పిల్లకు ఇంట్లో అదే పేరు.

అమ్మ మిడతల మీద పరిశోధన చేస్తుంది. ఊరి చివర ఎడారి మొదలయ్యే చోట, రాళ్ల మధ్య తిరిగే మిడతల వీపు మీద పెయింటుతో నంబర్లు వేస్తుంది. వారానికోసారి వాటిని లెక్కపెడుతుంది.

పదిహేడో నంబరు మిడత పిడుగు మంచం కింద, గాజు సీసాలో ఉంది.

మొన్న అమ్మ వెంట వెళ్లినప్పుడు పిడుగు దాన్ని జేబులో వేసుకుంది. దానికి రెక్కలు లేవు. పిల్ల మిడత కాబోలు, రెక్కలు వచ్చాక వదిలేద్దాం అనుకుంది. క్యాబేజీ ఆకు వేసింది. మిడత ముట్టలేదు. ఈ ఉదయం సీసా తట్టినా కదల్లేదు.

అమ్మ నోటుపుస్తకం తెరిచి, పదిహేడు పక్కన 'చనిపోయింది' అని రాయబోయింది.

"రాయకమ్మా!" పిడుగు పరుగున వెళ్లి సీసా తెచ్చింది. "నేనే తీసుకొచ్చాను. రెక్కలొస్తాయని..."

అమ్మ సీసాను వెలుగులో పెట్టి చూసింది. "ఇది పిల్ల కాదే, గుడ్లు పెట్టే వయసు దీనిది. ఈ జాతికి రెక్కలు రానే రావు. వేరే చోటికి ఎగిరిపోయి తిండి వెతుక్కోలేదు. నువ్వు తెచ్చిన చోటి పొద ఆకులే తింటుంది."

"బతుకుతుందా?"

"తింటే బతుకుతుంది."

"నన్ను తిట్టవా?"

"దారిలో తిడతాలే. ముందు చెప్పులేసుకో."

అన్నట్టే దారి పొడుగునా తిట్టింది.

మొన్న మిడత దొరికిన చోట, చీలిన రాయి పక్కనున్న పొద దగ్గర పిడుగు ఆగింది. మిడతను కొమ్మ మీద పెట్టింది. అది కదల్లేదు.

"పోయిందామ్మా?"

"మాట్లాడకుండా చూడు."

చాలాసేపు చూశారు. మిడత ముందుకాలు ఎత్తింది. ఆకు అంచు పట్టుకుంది. కొరికింది.

"తింటోంది! అమ్మా, తింటోంది!"

"నువ్వలా అరిస్తే మానేస్తుంది."

తిరిగి వస్తుంటే, ముందు నడుస్తున్న పిడుగు కాలి దగ్గర రాయిలాంటిదేదో గెంతింది. మిడత! దీనికి నంబరు లేదు. పిడుగు చేయి ముందుకు చాపి, ఆగింది.

"అమ్మా, పెయింటు పట్టుకురా! కొత్తది!"

అమ్మ సంచిలోంచి పెయింటు తీసుకుని వచ్చేసరికి పిడుగు గొంతుక్కూర్చుని ఉంది. రెండు చేతులూ వీపు వెనక ఉన్నాయి.

"చేతులకేమైందే?"

"ఏం కాలేదు. అవే వెళ్లి మిడతను పట్టేసుకుంటాయని, నేనే వాటిని పట్టుకున్నా."