అమ్మ రక్తంలో పెరిగినది

ఆ ఆసుపత్రి ల్యాబు నేల కింది అంతస్తులో ఉంది. కిటికీలు లేవు. బయట వాన పడుతోందో లేదో తెలియాలంటే పైనుంచి దిగివచ్చేవాళ్ళ చెప్పులు చూడాల్సిందే. అక్కడ ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఆవిణ్ణి అందరూ మేడం అంటారు. తల్లి మాత్రం పిచ్చుకా అని పిలిచేది. చిన్నప్పుడు క్షణం నోరు మూతపడేది కాదట, అందుకని. అలా పిలిచే మనిషి ఈమధ్యే పోయింది కాబట్టి మనమైనా పిలుద్దాం, పాపం.

తల్లిని తీసుకుపోయింది రక్తంలోకి ఎక్కిన ఫంగస్. మామూలుదైతే మందులకు లొంగేది. ఇది మహా మొండిది. ఉన్న మందులన్నీ వాడారు. ఏది ఎక్కించినా మంచినీళ్ళలా తాగేసి ఇంకాస్త పెరిగింది. ఆవిడ పోయింది గానీ, ఆవిడ రక్తంలోంచి తీసిన ఫంగస్ ల్యాబు ఫ్రిజ్‌లో చిన్న గాజుగొట్టంలో బతికే ఉంది. కొత్త మందేదైనా వస్తే పరీక్షించడానికి ఇలాంటి మొండిఘటాల్ని దాచి ఉంచుతారు. ఊరికే దాస్తే చచ్చిపోతుంది, అప్పుడప్పుడూ పోషకాలు కలిపిన కొత్త జెల్లీ మీదికి మార్చి మేపాలి. ఆ పని ఇంకెవరికైనా అప్పగించొచ్చు. పిచ్చుక అప్పగించలేదు. తల్లిని తినేసినదానికి తన చేత్తోనే తిండి పెట్టుకుంటూ వచ్చింది. ఎందుకమ్మా అని అడిగితే ఏం చెబుతుంది? చివరి ఊపిరి దాకా అమ్మను అంటిపెట్టుకుని ఉన్నది అదే కదా అనుకునేది.

ఇప్పుడు అదే ఫంగస్ చెల్లెలికీ పట్టుకుంది. తల్లి మంచం పక్కన రాత్రింబవళ్ళు కూర్చున్నది ఆ పిల్లే మరి.

"కప్పమందటగా అక్కా? ఎక్కించాక గెంతుతానేమో చూసుకో," అంది చెల్లెలు, ఆక్సిజన్ మాస్కు తగిలించకముందు.

"గెంతితే గెంతావులే. మంచం దిగితే చాలు నాకు."

చెల్లెలు ఎగతాళికి అలా అంది గానీ, కప్ప చర్మంలో సూక్ష్మజీవుల్ని చంపే బుల్లి ప్రోటీన్ ముక్కలు నిజంగానే ఉంటాయి. పెప్టైడ్లంటారు. వాటిని చూసి తయారుచేసిన కొత్త మందు అది. ఫంగస్ పైపొరకు చిల్లులు పొడుస్తుంది, లోపలిదంతా కారిపోయి అది చస్తుంది. ఇంకా బజారులోకి రాలేదు. వేరే దారి లేక ప్రత్యేకంగా తెప్పించారు.

పెద్ద డాక్టరు ముందే అన్నీ తేల్చి చెప్పాడు. "మొదట ల్యాబులో పనిచేస్తుందని తేలాలి. ఎక్కించేటప్పుడు మొదటి సీసా ఫంగస్‌లో సగాన్నే చంపుతుంది. రెండోది వెంటనే పడకపోతే మిగిలిన సగం తిరగబడుతుంది, ఇక మన చేతుల్లో ఉండదు. కొత్త మందు, సంతకం నీది కాబట్టి ప్రతి సీసాకూ నర్సు నిన్నే అడుగుతుంది. నువ్వు వద్దంటే ఆపేస్తాం."

"వద్దని ఎందుకంటాను సార్?" అంది పిచ్చుక.

ఆ మధ్యాహ్నం ల్యాబులో ఆమె ఒక్కతే. ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు. ఫ్యాను బొంయ్ మంటోంది. గాజుగొట్టం మూత తీయగానే పులిసిన పిండి వాసన గుప్పుమంది. చివరి రోజుల్లో అమ్మ గదిలో వచ్చిన వాసనే. పిచ్చుక ఊపిరి బిగబట్టి, పళ్ళెంలోని గుంటల్లో ఫంగస్ కలిపిన నీళ్ళు పోసింది. వాటి మీద మందు చుక్క వదిలింది.

"అబ్బా..."

చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. తలుపు వేసే ఉంది. నిద్ర లేక చెవులు హోరెత్తుతున్నాయిలే అని సర్దిచెప్పుకుంది. రెండో గుంటలో చుక్క వేసింది.

"మంట... వద్దే పిచ్చుకా..."

అమ్మ గొంతే. మాట చివర ఆ సన్నటి దగ్గుతో సహా. దూరం నుంచి కాదు... మరీ దగ్గర నుంచి. పళ్ళెంలోంచేనా?

ఇంకొకరైతే పళ్ళెం అక్కడే పారేసి మెట్లెక్కి పరుగెత్తేవారు. పిచ్చుక పరుగెత్తలేదు. చెల్లెలి ముఖం తలుచుకుంది. పళ్ళు బిగించి, ఏడుస్తూ, మిగిలిన గుంటలన్నిటిలోనూ చుక్కలు వేసింది. పని అయ్యేసరికి ఒళ్ళంతా చెమట. గొంతు ఆరిపోయి, మింగుడుపడటం లేదు.

మర్నాడు చూస్తే గుంటలన్నీ తేటగా ఉన్నాయి. అంతా చచ్చింది. డాక్టరు భుజం తట్టాడు. పిచ్చుకకు మాత్రం సంతోషం రాలేదు.

మొదటి సీసా ఎక్కించడం మొదలుపెట్టారు. వెలుగు పడితే కళ్ళు మండుతున్నాయని చెల్లెలు అంటే గది పరదాలు లాగేశారు. చెల్లెలి ముఖం సగం మాస్కు కిందే ఉంది. పిచ్చుక మంచం మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. గొట్టంలో మందు బొట్టు బొట్టుగా దిగుతోంది. మెల్లగా ఆ వాసన... పులిసిన పిండి వాసన.

"పిచ్చుకా..."

మాస్కు కింద పెదవులు కదిలాయో లేదో మసక చీకట్లో తెలియలేదు.

"ఆపించవే... చిల్లులు పడుతున్నాయే... అమ్మను కదే..."

"బుడ్డీ, నువ్వేనా?" అని చెల్లెల్ని అడిగింది.

"అమ్మనే... అప్పుడూ నన్ను కాపాడలేదు... ఇప్పుడు నీ చేత్తోనే..."

గొట్టానికున్న చక్రం అందేంత దూరంలోనే ఉంది. ఒక్కసారి తిప్పితే చాలు, మందు ఆగిపోతుంది. వేళ్ళు దాని దాకా వెళ్ళాయి. నువ్వు అమ్మవైతే, నీ చిన్నకూతుర్ని చంపుకుంటావా? అలా అనుకున్నాకే చెయ్యి వెనక్కి వచ్చింది. సీసా ఖాళీ అయ్యేదాకా ఆ గొంతు ఏడుస్తూనే ఉంది. పిచ్చుక చెవులు మూసుకుని కూర్చుంది.

ఆఖరి బొట్టు దిగింది.

చెల్లెలు కళ్ళు తెరిచింది. నుదురు చల్లగా ఉంది. తనే మాస్కు పక్కకు జరుపుకుంది. గొంతు నీరసంగా ఉన్నా, అది చెల్లెలి గొంతే. పిచ్చుకకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"అక్కా..."

"చెప్పవే తల్లీ!"

"ఇందాకంతా అమ్మ గొంతుతో ఎందుకు మాట్లాడావు? నాకు భయమేసింది."

"నేనా? అది నువ్వు కదే..."

"నేనెక్కడ మాట్లాడాను? నువ్వే. నా మీదికి వంగి ఆపించమని ఏడ్చావు. మళ్ళీ నీకు నువ్వే జవాబు చెప్పుకున్నావు."

పిచ్చుక చేత్తో నోరు మూసుకుంది. అరచేతికి తన ఊపిరే తగిలింది, పులిసిన పిండి వాసనతో.

తలుపు తోసుకుని నర్సు వచ్చింది. చేతిలో రెండో సీసా. "జ్వరం దిగిందండీ! ఇది కూడా పెట్టేయనా? మీరు సరే అనాలి."

సరే. రెండక్షరాలు. కానీ నోరు తెరిస్తే ఏ గొంతు వస్తుందో... పిచ్చుక పెదవులు గట్టిగా బిగించుకుంది. మాటెందుకు, తలూపితే చాలదూ? తల పైకీ కిందికీ ఊపాలనుకుంది. ఉన్న బలమంతా మెడలోకి తెచ్చుకుంది.

తల అడ్డంగా ఊగింది.

"వద్దా?" నర్సు బిత్తరపోయింది. "సరేనండీ... డాక్టరుగారికి చెబుతాను."

సీసా పట్టుకుని వెళ్ళిపోయింది. "అక్కా, అదేంటి?" అంటోంది చెల్లెలు. "అక్కా!"

పిచ్చుక కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తల మాత్రం ఇంకా అడ్డంగా ఊగుతూనే ఉంది.