గేదె తినని పొడి

ఆ ఉదయం సంపూర్ణమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి మీద పాలు పొంగి కారిపోయాయి. పచ్చడిలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆమె చూపంతా పెరట్లోనే ఉంది.

అక్కడ కూతురు దీవెన చిన్న మెషీన్‌ను గేదె మూతికి ఎదురుగా పట్టుకుని నిలబడింది. గేదె త్రేన్చినప్పుడల్లా మీథేన్ అనే గాలి వస్తుందట. మన ఎండలకూ, ఎండుగడ్డి మేతకూ అది మరీ ఎక్కువట. భూమి వేడెక్కడానికి అదీ ఒక కారణమట. ఆ గాలిని తగ్గించే పొడిని దీవెన పశువైద్య కాలేజీలో తయారుచేసింది. దాన్ని ఇంటి గేదె మీదే పరీక్షిస్తోంది. రోజూ చీకటితో లేచి పొడిని తవుడులో కలిపి పెట్టే పని తల్లిది. అప్పటికి కూతురు లేచేది కాదు.

"ఏమ్మా, ఇవాళ ఎన్ని త్రేన్పులు?" గుమ్మంలో కూర్చున్న తండ్రి జ్ఞానప్రకాశం నవ్వాడు. "నావి కూడా కొలుస్తావా?"

"ఊరుకో నాన్నా." దీవెన మెషీన్ కిందికి దించింది. "పదకొండు రోజులైంది. ఇసుమంతైనా తగ్గలేదు. పొడి పనిచెయ్యదని మా మేడమ్ గారికి చెప్పేస్తాను. మూడేళ్ల కష్టం గోదాట్లో కలిపేసినట్టే."

ఆమె ఫోన్ తీసింది. సంపూర్ణమ్మ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఆగవే! పొడి తప్పు కాదు. అది గేదె తింటేగా!"

"అంటే?"

"మొదటిరోజే వాసన చూసి మొహం తిప్పేసింది. పూటంతా మూతి పెట్టలేదు. మర్నాటి నుంచి ఉత్త తవుడే పెడుతున్నాను. పొడి పెంటకుప్పలో పోశాను."

"పది రోజులా? రోజూ అడిగాను కదమ్మా! పెట్టానన్నావు కదా!"

"పస్తున్న గొడ్డు నా వంకే చూస్తుంటే నేను అన్నమెలా తినేదే? చెబితే నీ చదువుకి అడ్డం పడ్డట్టుంటుందని భయమేసింది."

"మరి ఇప్పుడు పడలేదా అడ్డం?"

జ్ఞానప్రకాశం నవ్వు ఆగిపోయింది. దీవెన గడ్డిమేటు వైపు తిరిగి నిలబడింది. సంపూర్ణమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీ మేడమ్ గారికి ఫోను కలుపు. తప్పు చేసినదాన్ని నేనే చెప్పుకుంటాను."

దీవెన నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది.

"వందనాలండి. దీవెన వాళ్లమ్మనండి. పిల్ల తప్పేం లేదండి..." సంపూర్ణమ్మ దాచకుండా అంతా చెప్పేసింది.

విన్నాక మేడమ్ గారు అడిగారు. "దీవెనా, గేదె తింటోందో లేదో నువ్వు ఒక్కరోజైనా నిలబడి చూశావా?"

లేదని దీవెన ఒప్పుకుంది. మేడమ్ గారు ఈసారి తల్లిని అడిగారు.

"అమ్మా, మీరైతే ఎలా తినిపిస్తారు?"

సంపూర్ణమ్మ తెల్లబోయింది. "నన్నాండి? ఎండు తవుడులో అయితే ఘాటు ముక్కుకి కొడుతుందండి. బియ్యం కడిగిన కుడితిలో ముందు చిటికెడే వేసి, కాస్త బెల్లం..."

దీవెన వచ్చి తల్లి పక్కన చతికిలబడింది. ఇన్నాళ్లూ కొలతలు రాసుకున్న పుస్తకంలోని అంకెలన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టి, కొత్త పేజీ తిప్పింది. కన్నీళ్లు కాగితం మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"నెమ్మదిగా చెప్పమ్మా, రాసుకుంటాను. మొదటిరోజు చిటికెడు... రెండోరోజు?"