కళ్లాల మీద ఎర్ర చుక్కలు

"ఎవరండీ నా చుక్కలు చెరిపింది?"

తెర మీద ఆ కామెంటు పడగానే అష్రఫ్ చేతిలో టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

బయట తుఫాను. సత్తెనపల్లి కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఇంకో తుఫాను. రెండు జిల్లాల వాలంటీర్లంతా ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని ఒకే మ్యాపు, ఒకే షీటు తెరిచారు. ఎక్కడ నీళ్ళొచ్చాయో, ఎవరు చిక్కుకున్నారో ఒకరు నింపితే అందరికీ కనబడుతుంది. ఒకరి కర్సరు ఇంకొకరి కర్సరుని కసురుకుంటూ పరిగెడుతోంది. అదంతా చూసి ఏ ట్రాక్టరు ఎటు పోవాలో చెప్పడం అష్రఫ్ పని.

అష్రఫ్ వాళ్ళ నాన్న బుడే సాహెబ్‌కి బజార్లో టార్పాలిన్ పట్టాల కొట్టుంది. తండ్రి పట్టాలు వానకి కప్పుకోడానికైనా పనికొస్తాయి. కొడుకు తెచ్చిన బీటెక్ పట్టా దేనికి పనికొస్తుందో ఇంకా తేలలేదు.

"నేనే చెరిపానండీ," అని టైపు కొట్టాడు. "మీరెవరు?"

"సాజిదా. దర్శిలో ఉంటా. ఎందుకు చెరిపారు?"

"అవి ఇళ్ళు కాదు, మిర్చి కళ్లాలు. సరుకు సంగతి తర్వాత. ముందు మనుషులు. ఇది మానవత్వం నడిపే మ్యాపండీ, మార్కెట్ యార్డు కాదు."

తన డైలాగుకి తనే మురిసిపోయి టీ ఒక గుక్క తాగాడు. రెండో గుక్కకి, షీట్లో ఉన్న అతని నంబరుకి ఫోను మోగింది.

"ఏమండీ మానవత్వం గారూ! షీట్లో కాలమ్ చూస్తే చాలదు, బయట కాలం కూడా చూడాలి. ఇది ఏ కాలం?"

"వానా... కాదు కాదు, చలికాలం."

"కాయ ఆరే కాలం! మీ షీట్లో సగం ఇళ్ళకి 'ఇంట్లో లేరు' అని రాసి పచ్చరంగు పూసేశారే, వాళ్ళంతా ఎక్కడికెళ్ళారనుకున్నారు? సినిమాకా?"

"ఎక్కడో... సురక్షితంగా..."

"కళ్లంలో! కాయ ఆరేసుంటే దొంగల భయానికి ఇంటిల్లిపాదీ అక్కడే కాపలా పడుకుంటారు. వానొస్తే ఊళ్ళోకి పరిగెత్తరు, పట్టా లేచిపోకుండా దాని మీదెక్కి కూర్చుంటారు!"

అష్రఫ్ మొహం పండు మిరపకాయ అయింది. ఏటా ఈ కాలంలో పట్టాలు అమ్ముకు తినే ఇంట్లో పుట్టి, ఆ పట్టాల మీద ఎవరు కూర్చుంటారో మర్చిపోయాడు.

"కొంచెం ముందే చెప్పొచ్చు కదండీ?"

"చుక్కలు పెట్టాగా! ఇంకా చుక్కలు చూపించాలా?" అని గొంతు పెంచిన పిల్ల, ఉన్నట్టుండి తగ్గిపోయింది. "మీ వైపు వాగు పక్కనున్న చుక్క ఉందే... అది మా నాన్న. రహమాన్. పొద్దున్నుంచీ ఫోను కలవట్లేదు. దర్శి నుంచి రోడ్లు తెగాయి. నేను రాలేనండీ."

అష్రఫ్ మ్యాపు పాత వెర్షన్ వెనక్కి తెచ్చాడు. చెరిపిన చుక్కలన్నీ మళ్ళీ ఎర్రగా లేచాయి. 'ఇంట్లో లేరు' అన్న ప్రతి ఇంటినీ దగ్గర్లోని కళ్లంతో కలిపాడు. "మా కనిగిరి వైపు కళ్లాలు నేను పెడతా," అని ఒకరు, "ఈ కల్వర్టు మీద నీళ్ళు పారుతున్నాయి," అని ఇంకొకరు. చూస్తుండగానే మ్యాపంతా మిర్చి ఆరబోసినట్టయింది.

"ట్రాక్టరు ఒకటి ఖాళీగా ఉంది, తోడు వెళ్ళే మనిషే లేడు," అంది ల్యాబు చూసే సంతోషకుమారి మేడమ్.

"ఉన్నాడు మేడమ్!" అని అష్రఫ్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు.

దారిలో కొట్టు దగ్గర నాలుగు పట్టాలు, తాళ్ళు ట్రాలీలో పడేశాడు. "ఒరేయ్, బేరం ఎవరిదో అన్నా చెప్పరా!" అని బుడే సాహెబ్ కేక వేసేలోపు ట్రాక్టరు మలుపు తిరిగింది.

చెవిలో సాజిదా. "కుడికి వెళ్ళకండి, కల్వర్టు మునిగింది. ఎడమ డొంకదారి పట్టండి."

"బాబూ, మీ డేటా బాగానే ఉందిగానీ ఈ వాగు దాటేదెట్టా?" అన్నాడు డ్రైవర్ జక్రయ్య.

"పైన పాత చప్టా ఉంది. దాని మీద ఇప్పుడే గేదెలు దాటాయని ఎవరో పెట్టారు!" అని అరిచింది సాజిదా.

గేదె దాటిన చోట జక్రయ్య ఆగుతాడా? ట్రాక్టరు బుడుంగున దిగి, భళ్ళున లేచి, గట్టెక్కింది.

కళ్లం చుట్టూ మోకాలి లోతు నీళ్ళు. మిర్చి కుప్ప మీద, చిరిగిన పట్టా మీద, రాజుగారిలా కూర్చుని ఉన్నాడు రహమాన్.

"నేను రాను."

"బాబాయ్, వాగు పెరుగుతోంది."

"పెరగనీ. ఏడాది చాకిరీ ఈ కుప్పలో ఉంది. వదిలి రమ్మంటే ఎట్టా?"

అష్రఫ్ ఫోను స్పీకర్లో పెట్టాడు. వాన చప్పుడులోంచి సన్నగా, "నాన్నా... ఆ కాయ నన్ను 'అమ్మా సాజీ' అని పిలుస్తుందా?"

రహమాన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. కానీ లేవలేదు.

అష్రఫ్ వాదన మానేసి పని అందుకున్నాడు. జక్రయ్యా తనూ కాయని మెరక మీదికి ఎగదోసి, కొత్త పట్టాలు కప్పి, తాళ్ళు బిగించి, అంచుల మీద రాళ్ళు పెట్టారు.

"గాలికి లేస్తే?" అన్నాడు రహమాన్.

"బుడే సాహెబ్ కొడుకుని బాబాయ్. మా పట్టా లేచిందంటే మా నాన్న నన్ను ఇంట్లోంచి లేపేస్తాడు."

రహమాన్ తాళ్ళు రెండు సార్లు లాగి చూశాడు. ట్రాలీ ఎక్కాడు.

ఫోన్లో ఏడుపో నవ్వో తేల్చుకోలేని శబ్దం వచ్చింది. మ్యాపులో వాగు పక్క చుక్క పచ్చబడింది. ఆ వెనకే ఇంకో కళ్లం, ఇంకో కళ్లం. ల్యాబులో జనం బల్లలు చరుస్తున్నారట!

వాన తెరిపిచ్చాక ఎండ కాసింది. అంచు తడిసిన కాయ మళ్ళీ ఆరబోయాలి కదా, సాయం చేస్తానని అష్రఫ్ వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ కాయ ఘాటుకి తుమ్ముతూనే ఉన్నాడు. అప్పుడే దర్శి నుంచి సాజిదా వచ్చింది. ఎర్రటి కాయ మధ్య ఆకుపచ్చ చున్నీ. అది చూసి తుమ్ము కూడా మర్యాదగా ఆగింది.

"మీరేనా చెరిపేది?" అంది.

"ఇప్పుడు మీరు ఏం పెట్టినా చెరపనండీ."

"నాన్నని తెచ్చినందుకు థాంక్స్ చెప్పిపోదామని వచ్చా."

"చెప్పేసి వెళ్ళిపోతారా?"

"ఇంకేమన్నా ఉందా?"

"ఉంది. అదీ... నేను మిమ్మల్ని... హాచ్!"

ఆమె నవ్వు ఆపుకోలేక చున్నీ అడ్డం పెట్టుకుంది.

"సాజిదా గారూ, మీ గొంతు విన్న దగ్గర్నుంచీ నేను... హా... హా..."

కళ్లం అవతల కాయ తిరగేస్తున్న రహమాన్ తలెత్తలేదు. "తుమ్మేది తుమ్మి, చెప్పేది త్వరగా చెప్పు బాబూ! మా అమ్మాయి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళాలి."

సాజిదా అష్రఫ్ వైపే చూస్తూ, తండ్రికి వినబడేలా గట్టిగా అంది. "సాయంత్రం బస్సుకి వెళ్తాలే నాన్నా!"

"సాయంత్రం బస్సు లేదు కదమ్మా?"

"తెలుసు నాన్నా."