బొగ్గు షెవర్లే

…లేదా ఆమె నిజమే చెప్పిందేమో. అబద్ధం చెప్పేవాళ్ళు శుభ్రమైన చోటే చెబుతారు. సీటు కింద ఉందంటారు, స్పేర్ వీల్‌లో ఉందంటారు. మసిలో చెయ్యి పెట్టమని ఎవరూ అనరు. కాదు, సరిగ్గా అందుకే అంటారు. మనం ఇలా ఆలోచిస్తామని వాళ్ళకి తెలుసు. వాళ్ళకి తెలుసని మనకీ తెలుసు. ఆ తర్వాత మెట్టు ఏమిటి? ఈ మెట్లకి చివర ఉంటుందని ట్రెయినింగులో ఎవరూ చెప్పలేదు.

కాశీరావు బ్యూక్ హెడ్‌లైటు తుడవడం ఆపాడు. అద్దంలో తన మొహం వెడల్పుగా, ముక్కు మరీ పెద్దదిగా కనిపించింది. కాశీరావన్నది అతని అసలు పేరు కాదు. పోయిన వర్షాకాలం నుంచి ఈ షెడ్డులో ఆ పేరుకే పలుకుతున్నాడు కాబట్టి మనకీ అది చాలు.

షెడ్డంటే ఒకప్పటి ధాన్యం గోడౌను. బెంజ్ సర్కిల్ దాటి బందరు రోడ్డు మీద కొంతదూరం పోతే కాలవ పక్కన ఉంటుంది. మిల్లు యజమాని బసవపున్నయ్య గారు అందులోంచి ధాన్యం తీసేసి పాతకార్లు పెట్టాడు. ఒక ఆస్టిన్, ఒక మోరిస్, రబ్బరు బూర హారన్ ఉన్న ఫోర్డు, ఏ జమీందారో వదిలించుకున్న బ్యూక్. గేటు మీద ‘మోటారు మ్యూజియం’ అని పెయింటు వేయించాడు. ఆదివారాలు కాలేజీ పిల్లలొస్తారు. మిగతా రోజుల్లో ఊక వాసన, పిచ్చికలు, కదలని కార్లు, వాటి మధ్య గుడ్డ పట్టుకుని కాశీరావు. మొదట్లో ఇది అతనికి డ్యూటీ. తర్వాత్తర్వాత హాయిగా ఉండటం మొదలుపెట్టింది. కార్లు ఎవరినీ ఏమీ అడగవు. ఆ హాయి గురించి ఆలోచించినప్పుడే కొంచెం భయం వేసేది.

కేసు మాత్రం పెద్దదే. తూర్పు తీరంలోని ఒక లాబొరేటరీ నుంచి సోనార్ క్రిస్టల్ ఒకటి మాయమైంది. చూడటానికి సబ్బుబిళ్ళంత. సముద్రం అడుగున శత్రువు చప్పుడు మన నౌకలకి వినిపించేది దానితోనే. అది హెర్లిన్ అనే విదేశీయుడి చేతికి చిక్కింది. హెర్లిన్ పైకి పాతకార్ల వ్యాపారి. ఈ మ్యూజియం చుట్టూ తిరుగుతున్నాడని కబురు రాగానే డిపార్ట్‌మెంటు కాశీరావుని ఇక్కడ తుడిచే పనిలో పెట్టింది. ఇప్పుడు హెర్లిన్ ఈ మ్యూజియంలోని షెవర్లే కారు కొన్నాడు. ఇవాళ పొద్దున్నే లారీ మీద మద్రాసు హార్బరుకి తీసుకుపోతాడు.

షెవర్లే వెనకాల రెండు ఇనప డ్రమ్ములు వేలాడుతుంటాయి. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బిగించినవి. ఒకదాంట్లో బొగ్గు కాలుతుంది. ఆ గ్యాసు రెండోదాంట్లో కుక్కిన కొబ్బరిపీచులోంచి వడకట్టుకుని ఇంజనుకి వెళుతుంది.

క్రిస్టల్ ఆ రెండో డ్రమ్ములోనే ఉందని ఆమె నిన్న చెప్పింది.

ఆమె అంటే మిస్ షీలా. హెర్లిన్ సెక్రటరీ. నల్లకళ్ళద్దాలు, నైలాన్ చీర, షెడ్డులో ఊక వాసనని కాసేపు ఓడించిన సెంటు. భుజాన కెమెరా వేసుకుని ఫోటోల నెపంతో వచ్చి, ఫోర్డు పక్కన నిలబడి అడిగింది.

"ఈ బూర మోగుతుందా?"

"మోగుతుంది గాని, గొంతు బొంగురండి."

అది డిపార్ట్‌మెంటు కోడ్. అంతవరకు బాగానే ఉంది.

"పీచులో ఉంది," అందామె కెమెరా సర్దుకుంటూ. "డ్రమ్ములో."

"మీరు చూశారా?"

"చూడ్డమేంటండీ, నేనే పెట్టాను."

ఆమె కళ్ళద్దాలు తీసింది. కింద నిద్రలేని కళ్ళు.

"నమ్మట్లేదు కదూ?"

"నమ్మడం నా పని కాదండి."

"మరి ఎవరి పనండీ? రెండు పక్కలా పనిచేసే మనిషిని కదా, ఎవరితో మాట్లాడినా వాళ్ళు నా చేతుల వంకే చూస్తారు. మొహం చూసేవాళ్ళు లేరు." నవ్వింది. "రేపటితో మానేస్తాను. గుణదలలో మా అక్క ఉంది. అక్కడ నేను అమలమ్మని. ఆ వీధిలో షీలా అని పిలిస్తే కుక్క కూడా తిరిగి చూడదు."

వెళ్ళిపోయింది. అతను అప్పుడు కూడా ఆమె చేతులవంకే చూస్తున్నాడు.

డ్రమ్ము తెరిచి చూస్తే తేలిపోయే సంగతే. కాని హెర్లిన్ డ్రైవరు జక్కయ్య, కారు కొన్నరోజు నుంచి దాని పక్కనే మడతమంచం వేసుకుని పడుకుంటున్నాడు. తెరవాలంటే అందరి ఎదుటా తెరవాలి. లోపల వస్తువు ఉంటే సరే. లేకపోతే? తెరిచినవాడే గూఢచారి అని హెర్లిన్‌కి తెలిసిపోతుంది. వస్తువు ఇంకో దారిన దేశం దాటుతుంది. దానికోసమే ఆమెని పంపారేమో. లేదా…

సాయంత్రం గవర్నరుపేటలో ఒక లాడ్జి నుంచి చీఫ్‌కి ట్రంక్ కాల్ చేశాడు. చీఫ్ తౌడు వ్యాపారిలా మాట్లాడాడు. తౌడంటే క్రిస్టల్.

"తౌడు ఎప్పుడు?"

"రేపు పొద్దున సార్."

"తౌడుతోపాటు బస్తాని కూడా పంపు."

"బస్తా మనదే కదా సార్?"

"రెండు మిల్లులకి తిరిగిన బస్తా మనదెట్లా అవుతుంది? లోపలేసి విప్పి చూద్దాం. ఎన్నేళ్ళయినా సరే." లైను తెగిపోయింది.

ఆ రాత్రి అతను నిద్రపోలేదని చెప్పక్కర్లేదు. తెల్లారాక కూడా అదే ఆలోచన, అదే హెడ్‌లైటు.

గేట్లోంచి లారీ వెనక్కి వెనక్కి వచ్చి ఆగింది. తెల్లసూటులో హెర్లిన్ దిగాడు. వెనకే షీలా. జక్కయ్య మడతమంచం మడిచి, షెవర్లే వెనక చెయ్యివేసి తోయడం మొదలుపెట్టాడు.

"ఆగండాగండి!" పంచె ఎగగట్టి బసవపున్నయ్య గారు మిల్లు మెట్లు దిగి వచ్చాడు. "ఎక్కడికయ్యా తోసుకుపోతున్నారు? అదేమన్నా శవమా?"

"లారీ ఎక్కించాలండి," అన్నాడు జక్కయ్య.

"ఎక్కించుకో. గేటు బయట ఎక్కించుకో. నా గేటు దాటే బండి ఏదైనా దాని ఊపిరితో అది దాటాలి. నేను తోయించి పంపిన బండి ఇంతవరకు లేదు. ఒరే కాశీ, బొగ్గు పట్రా!"

షీలా ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. హెర్లిన్ మొహంలో నవ్వు అలాగే ఉంది గాని మెడ దగ్గర చెమట పట్టింది.

"ఓడకి టైమైపోతోందంటున్నారండీ, అవసరం లేదంటున్నారు," అంది షీలా.

"అయితే డబ్బు పట్టుకుపొమ్మను, బండి నాకు వదిలెయ్యమను. యుద్ధంలో దీనిమీద బొగ్గుతోనే బందరు వెళ్ళొచ్చాను తెలుసా అమ్మాయ్? ఇప్పుడు పెట్రోలు ధర చూశావుగా. ఇంకో ఏడాదికి మీ దొరలంతా నా దగ్గరకే వస్తారు."

హెర్లిన్ వాచీ చూసుకున్నాడు. గేటువైపు చూశాడు. చివరికి తల ఊపాడు. గొడవపడితే జనం పోగవుతారు. వాడికి కావలసింది అది కాదు.

కాశీరావు మొదటి డ్రమ్ములో బొగ్గు పోసి నిప్పు పెట్టాడు. చేతి బ్లోయరు తిప్పడం మొదలుపెట్టాడు. పోయిన నెల కూడా ఇలాగే తిప్పాడు. అప్పుడు రాటం తిప్పినంత తేలిక. ఇవాళ చెయ్యి బరువుగా తిరుగుతోంది. భుజం నొప్పెట్టింది.

"ఊఁ, వచ్చి ఉంటుంది," అని బసవపున్నయ్య గారు రెండో డ్రమ్ము దాటాక గొట్టానికున్న చిన్న కుళాయి విప్పి అగ్గిపుల్ల పెట్టాడు. గ్యాసు తయారైతే నీలం మంట రావాలి. పసుపుపచ్చగా ఒక నాలుక లేచి, ఊగి, ఆరిపోయింది.

"ఇదేంట్రా? ఇంకా తిప్పు!"

తిప్పాడు. ఇంకో పుల్ల. మళ్ళీ పచ్చమంట, మళ్ళీ ఆరింది.

"దీనికి ఊపిరాడట్లేదు. నువ్వూ నేనూ కలిసే కదా పీచు మార్చాం. అప్పుడు నెమలికంఠంలా వచ్చింది మంట!"

పెద్దాయన కుళాయి వంక చూస్తున్నాడు. జక్కయ్యా కుళాయి వంకే చూస్తున్నాడు. హెర్లిన్ ఒక్కడు మాత్రం రెండో డ్రమ్ము వంక చూస్తున్నాడు. అడ్డం ఉంది. పీచులో ఏదో గట్టిగా కుక్కి ఉంది.

అంటే ఆమె చెప్పింది నిజం.

సంతోషం రావలసిన చోట కాశీరావుకి సిగ్గు వేసింది. మనిషి ఎదురుగా నిలబడి కళ్ళద్దాలు తీసి చెప్పినప్పుడు నమ్మలేదు. అగ్గిపుల్ల చెబితే నమ్మాడు. ఇన్నేళ్ళ సర్వీసులో నేర్చుకున్నది ఇదా అనిపించింది. ఆలోచించే టైము లేదు. డ్రమ్ము వేడెక్కుతోంది. వేడికి క్రిస్టల్ పగిలితే దొరికినా దొరకనట్టే.

"పీచు చూస్తానండయ్యగారూ," అని స్పానరు తీశాడు.

"నో," అన్నాడు హెర్లిన్. ఇవాళ అతని నోటివెంట వచ్చిన మొదటి నిజమైన మాట అదే.

మొదటి బోల్టు వచ్చింది. రెండోది మొండికేసింది. హెర్లిన్ సిగరెట్టు నోట్లో పెట్టుకుని, వెండి లైటరు తీసి, రెండడుగులు ముందుకొచ్చాడు. మూడో బోల్టు. మూత పక్కకి జరిగింది. ఘాటు గ్యాసు గుప్పున మొహానికి కొట్టింది. పీచులో చెయ్యి దూర్చాడు. వేళ్ళకి రబ్బరు చుట్టిన పొట్లం తగిలింది. వెచ్చగా ఉంది, పగల్లేదు.

"వంగండి!"

ఇంగ్లీషులో కాదు. గుణదల వీధిలో అరిచినట్టు అరిచింది.

అతను ఆలోచించలేదు. వంగాడు.

లైటరు లైటరు కాదు, ఒక్క తూటా పట్టే పిస్టలు. తూటా అతని తల మీదుగా పోయి బ్యూక్ హెడ్‌లైటు పగలగొట్టింది. కాని పిస్టలు మూతిదగ్గర రేగిన నిప్పు డ్రమ్ములోంచి వస్తున్న గ్యాసుకి అంటుకుంది. భుగ్గుమంది. హెర్లిన్ కనుబొమ్మలు, నోట్లో సిగరెట్టు, తెల్లసూటు చెయ్యి ఒక్కసారే అంటుకున్నాయి. వాడు కేకపెట్టి ఊకలో పడి దొర్లాడు.

"అదిగో నీలం మంట!" అన్నాడు బసవపున్నయ్య గారు పరమానందంగా.

కాశీరావు పొట్లం చంకలో పెట్టుకుని ఫోర్డు బూర మూడుసార్లు నొక్కాడు. గేటు బయట మంగలి వేషంలో కూర్చున్న డిపార్ట్‌మెంటు మనిషి శౌరయ్య, గిరాకీ వేషంలో కూర్చున్న ఎల్లారావు పరిగెత్తుకొచ్చారు. ఎల్లారావు సగం గడ్డంమీద సబ్బునురగ అలాగే ఉంది. జక్కయ్య పారిపోబోయి మడతమంచం మీద తట్టుకుని పడ్డాడు. హెర్లిన్‌నీ, జక్కయ్యనీ జీపులో వేశారు.

"ఆవిడో?" అన్నాడు శౌరయ్య గొంతు తగ్గించి.

"ఆవిడ సంగతి నాకు చెప్పారు. మీరు వెళ్ళండి."

జీపు వెళ్ళిపోయింది. బసవపున్నయ్య గారు పీచు సర్ది, మూత బిగించి, ఎవరి సాయమూ అడక్కుండా షెవర్లే స్టార్టు చేశాడు. దొంగలు, తుపాకీ, డిపార్ట్‌మెంటు, వీటి గురించి కాశీరావు చెప్పిందంతా విని, "అయితే బండి పోదన్నమాట," అని ఒక్క మాటన్నాడు. మిల్లు ఆవరణలో ఒక్కడే స్టీరింగు పట్టుకుని చుట్టూ తిరుగుతున్నాడు.

మిల్లు ఆఫీసులో ఫోను మోగింది.

"తౌడు?" అన్నాడు చీఫ్.

"చేతిలో ఉంది సార్."

"శభాష్. బస్తా?"

కిటికీలోంచి షెడ్డు కనిపిస్తోంది. ఆమె ఆస్టిన్ ఫుట్‌బోర్డు మీద కూర్చుని, కళ్ళద్దాలు పక్కన పెట్టి, కొంగుతో మెడ తుడుచుకుంటోంది. పారిపోవచ్చు. గేటు తీసే ఉంది. పారిపోలేదు. అదీ నటనేనేమో. తన కోసం అరవడం కూడా పై మెట్టు మీద ఎవరో వేసిన ఎత్తేమో. ఆమె మంచిదనడానికి అతని దగ్గర సాక్ష్యం లేదు. ఈసారి మంట లేదు, కుళాయి లేదు, అగ్గిపుల్ల లేదు.

"హలో? బస్తా ఏదయ్యా?"

"ఇక్కడ బస్తా ఏదీ లేదు సార్."

లైను గరగరలాడింది.

"నీ గొంతు ఏదోలా ఉంది," అన్నాడు చీఫ్.

"లైను బాగాలేదండి," అని కాశీరావు ఫోను పెట్టేశాడు. పదిహేనేళ్ళ సర్వీసులో ప్రభుత్వం తరపున కాకుండా అతనాడిన మొదటి అబద్ధం అది. ఏ ట్రెయినింగూ లేకుండానే బాగా వచ్చింది.

షెడ్డులోకి వచ్చాడు. పగిలిన హెడ్‌లైటు గాజు చెప్పుల కింద నలిగింది. ఆమె తలెత్తింది.

"ఏమన్నారండీ? జైలేనా?"

"మీ గురించి అడిగారు."

"మీరేం చెప్పారు?"

"మీరు లేరని చెప్పాను."

ఆమె అతని మొహంలోకి చూసింది. "గుణదల బస్సు ఎన్నింటికో తెలుసాండీ?" అంది.

"ఇంకా టైముంది."

బయట షెవర్లే ఇంకో చుట్టు తిరిగింది. ఈ కార్లన్నీ అతను రోజూ తుడిచాడు. ఒక్కదాని మీదా ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చుంటే లేచేటప్పుడు కష్టంగా ఉంటుందని ఒక లెక్క.

గుడ్డ భుజం మీద వేసుకున్నాడు. ఆమె పక్కనున్న కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని కొంచెం జరిగింది.

కాశీరావు ఆ ఖాళీలో కూర్చున్నాడు.