ముద్దు వేళకు వంటింట్లో పని

ఎఫెసు ఊరికి ప్రభువు దినమైన ఆదివారం మామూలు పనిదినమే. త్రుఫేనకు మాత్రం రెండింతల పనిదినం. సాయంత్రం రేవులో పనులు ముగించుకుని యేసు విశ్వాసులందరూ ఆమె ఇంటికే ప్రేమవిందుకు వస్తారు. తలా ఒక వంటకం తెచ్చుకోవాలని నియమం. వంటకం సంగతి ఎలా ఉన్నా, ఆకలి మాత్రం ఎవరూ మరచిపోకుండా తెచ్చుకుంటారు. అందుకే ఆ రోజు కూడా పొద్దున్నే పెద్ద తొట్టెలో పిండి పిసుకుతూ కూర్చుంది. ఆ పని అంటే ఆమెకు ఇష్టమే. పదిమంది తినిపోతే ఆమెకు కడుపు నిండుతుంది.

గడప దగ్గర కూర్చుని కదురు తిప్పుతున్న అత్తగారు అర్తెమిదోర, వాతావరణం గురించి చెబుతున్నట్టుగా అంది:

"రేపు పొద్దున స్ముర్నకు బండి పోతుందట. దాన్లో పోతున్నాను, అమ్మాయి దగ్గరికి."

"మంచిదే అత్తయ్యా. ఎన్నాళ్ళుంటారు?"

"ఉన్నన్నాళ్ళూ."

త్రుఫేన చేతులు పిండిలోనే ఆగిపోయాయి. తల్లి లేని పిల్లగా ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజున ఆమెకు పొయ్యి రాజెయ్యడం కూడా రాదు. అన్నీ ఈ ముసలావిడే నేర్పింది. రెండు పురుళ్ళలోనూ మంచం పక్కనుంచి కదలలేదు. ఇంటిల్లిపాదీ యేసు మార్గంలోకి వచ్చినా ఆవిడ రాలేదు. తన గూట్లో మట్టి అర్తెమి దేవిని అలాగే ఉంచుకుంది. ఆవిడా ఆ దేవీ కలిసి ముసలివాళ్ళవుతున్నారులే అని ఎవరూ బలవంతపెట్టలేదు.

"ఇక్కడ ఏం తక్కువైంది అత్తయ్యా?"

"మాటలు తక్కువయ్యాయి. వసంతంలో ఓడలు కదిలిన నాటి నుంచీ ఈ ఇంట్లో నేను వార్తలు మోసే మనిషినయ్యాను. 'అత్తయ్యా, ఉప్పు కావాలని ఆవిడకి చెప్పండి' అని నువ్వు. 'ఉప్పు గూట్లోనే ఉందని ఆవిడకి చెప్పండి' అని నీ తోడికోడలు. ఉప్పు కావాల్సిన మనిషికీ ఉప్పున్న మనిషికీ మధ్య మూరెడు దూరం. నా మోకాళ్ళు మీ ఇద్దరి కోసం చేసినవి కావమ్మా."

వాకిట్లో అవతలి పక్కన మగ్గం ముందు కూర్చున్న చిన్నకోడలు మెల్తిని తల ఎత్తలేదు. కానీ మగ్గం చప్పుడు ఆగింది.

"తప్పు చేసినవాళ్ళు ముందు రావాలి. నేనేమీ అనలేదు," అంది త్రుఫేన పిండితో.

"తప్పెవరిదో అందరికీ తెలుసని చెప్పండి అత్తయ్యా," అంది మెల్తిని నూలుతో.

"విన్నావుగా. ఇంక నేను లేచి రానక్కర్లేదు," అంది ముసలావిడ.

త్రుఫేన మళ్ళీ పిండి పిసకసాగింది. పిండికి అంత దెబ్బలు అవసరం లేదు.

ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. రొట్టె విరిచే ముందు, ఆడవాళ్ళు ఆడవాళ్ళకూ మగవాళ్ళు మగవాళ్ళకూ బుగ్గ మీద శాంతికి గుర్తుగా సమాధానపు ముద్దు పెట్టుకోవాలి. దానికి ముందు సంఘ పెద్ద లూకియు, ఎవరికైనా ఎవరి మీదైనా మనసులో ఏమైనా ఉందా అని అడుగుతాడు. అద్దకం పని చేసే మనిషి. వేళ్ళు ఎప్పుడూ ఊదారంగులో ఉంటాయి, కడుపు ఎప్పుడూ కాలుతూ ఉంటుంది. అందుకని ప్రశ్ననూ ఆ తర్వాతి ప్రార్థననూ ఒకే ఊపిరిలో లాగించేస్తాడు.

మెల్తినికి ముద్దు పెట్టాల్సిన ఇబ్బందికి త్రుఫేన చక్కని ఉపాయం కనిపెట్టింది. సరిగ్గా ముద్దు వేళకు ఆమె రొట్టెలు బట్టీలోంచి తియ్యాల్సి వచ్చేది. ప్రతి వారమూ వచ్చేది. ఆమె తిరిగి వచ్చేసరికి ముద్దులు అయిపోయేవి, వేడి రొట్టెలు చూసి అందరూ దేవుణ్ణి స్తుతించేవారు. సంగతి అందరికీ తెలుసు. వేడి రొట్టె తినే నోటితో ఎవరడుగుతారు?

ఇంకో సంగతి కూడా ఉంది. కొత్తగా చేరే ఆడవాళ్ళకు బోధ చెప్పేది త్రుఫేనే. ప్రభువుతో కలిసి తిరిగిన శిష్యుడు యోహాను ఆ ఊళ్ళోనే ఉన్నాడు. ఇప్పుడు నడవలేని పండుముసలి. కుర్చీలో మోసుకుని తీసుకువస్తే, ఒకరినొకరు ప్రేమించుకోమని చెప్పి మళ్ళీ కుర్చీలో వెళ్ళిపోయేవాడు. ఆయన దగ్గర విన్నదంతా త్రుఫేన కొత్తవాళ్ళకు చెప్పేది. మనం మంచివాళ్ళమయ్యేదాకా దేవుడు ఆగలేదని, మనం అడక్కముందే, మొహం తిప్పుకుని ఉన్నప్పుడే ఆయన ముందు వచ్చి ప్రేమించాడని చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఏడ్చేది. నిజమైన ఏడుపే.

సాయంత్రం ఇల్లు నిండిపోయింది. ఉలవల పులుసు, ఉప్పుచేపలు, తాజా అత్తిపళ్ళు బల్ల మీద చేరాయి. కీర్తన అయింది. లూకియు చేపల వైపు చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ఎవరికైనా ఎవరి మీదైనా మనసులో ఏమైనా ఉంటే..."

"అయ్యో, రొట్టెలు మాడిపోతాయి," అంటూ త్రుఫేన లేచింది.

"కూర్చో," అంది మూలనుంచి అర్తెమిదోర. "ఇందాకే తీశాను."

త్రుఫేన లేచింది లేచినట్టే నిలబడిపోయింది.

"లూకియూ, నువ్వు అడిగావు కదా. ఉంది. ఈ ఇంట్లోనే ఉంది."

"అమ్మా, అంటే... మీరు ఇంకా మనలో..." లూకియు నసిగాడు.

"మీలో లేను. ఇంట్లో ఉన్నాను."

త్రుఫేన భర్త జోతికుకు ఉన్నట్టుండి ఇంటి దూలాలు ఎంతో బాగున్నట్టు కనిపించాయి. వాటినే చూస్తూ ఉండిపోయాడు.

"అడగండి అత్తయ్యా, అందరి ముందే అడగండి!" త్రుఫేన మెల్తిని వైపు వేలు చూపింది. "తెల్లవారుజామున లేచి చేసిన రొట్టె. ఇంతమంది ముందు విరిచి, 'మధ్యలో పచ్చిగా ఉంది' అంది. అందరూ నవ్వారు. లూకియుగారూ నవ్వారు."

"పచ్చిగానే ఉందమ్మా," అన్నాడు లూకియు. భార్య మోచేత్తో పొడిచేసరికి ఊరుకున్నాడు.

"ఆ తర్వాత నువ్వేమన్నావు?" అంది అత్తగారు.

"నేనా? నేనేమన్నాను? ఏమీ అనలేదు."

అప్పుడు మెల్తిని తల ఎత్తి, ఇన్ని నెలల్లో మొదటిసారి తోడికోడలి మొహంలోకి చూసింది.

"అన్నావక్కా. 'పిల్లలకు పెట్టిన చేతికి తెలుస్తుంది రొట్టె కాలిందో లేదో, నీకేం తెలుస్తుంది' అన్నావు."

మెల్తినికి పెళ్ళయి చాలా ఏళ్ళయిందని, ఆమె ఒడి ఖాళీగానే ఉందని ఆ గదిలో అందరికీ తెలుసు.

త్రుఫేన ఆ మాట కోసం వెతుక్కుంది. మొదట దొరకలేదు. తర్వాత దొరికింది, తన గొంతుతోనే, తన నవ్వుతోనే. తనను అన్న మాటను ఇన్నాళ్ళూ ఉప్పుచేపలా ఎండబెట్టి భద్రంగా దాచుకుంది. తను అన్నది మాత్రం చేతికంటిన పిండిలా కడిగేసుకుంది.

అర్తెమిదోర కదురు పక్కన పెట్టింది.

"ఈవిడ రావాలని ఆవిడ, ఆవిడ రావాలని ఈవిడ. మీ దేవుడు కూడా అలాగే కూర్చున్నాడా? ముందు వాళ్ళొచ్చి క్షమించమని అడగనీ అని గుమ్మంలో మొహం మాడ్చుకుని కూర్చున్నాడా? ముందు ఆయనే వచ్చాడని నువ్వేగా వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఏడుస్తావు? నాకు మోకాళ్ళే పోయాయి తల్లీ, చెవులు బాగానే ఉన్నాయి. మా అర్తెమి తల్లి ఎప్పుడూ నేనే ప్రేమనని చెప్పలేదు. అందుకని ఆవిణ్ణి నేనేమీ అడగను. మీ దేవుడు చెప్పాడు. మరి అడగొద్దూ?"

త్రుఫేన నడిచింది. నాలుగడుగుల దూరం. ముందు వెళ్ళడం ఎంత బరువో, ఇన్నేళ్ళు బోధ చెప్పినా, కాళ్ళకు ఇప్పుడే తెలిసింది.

"నేనే అన్నాను మెల్తినీ. అని మరిచిపోయాను. అన్నదానికన్నా అదే పెద్ద తప్పు. నన్ను మన్నించు."

మెల్తిని లేచి నిలబడింది.

"మాట అన్నందుకు కాదక్కా. ముద్దు వేళకి ప్రతి వారం లేచి వెళ్ళిపోయేదానివి. గొడ్రాలు కదా, తాకితే కీడని అలా పోతున్నావనుకున్నాను."

"అయ్యో!"

త్రుఫేన రెండు చేతులతో ఆమె మొహం పట్టుకుని ఈ బుగ్గ మీదా ఆ బుగ్గ మీదా, ఆచారం చెప్పినదానికన్నా చాలా ఎక్కువసార్లు ముద్దు పెట్టుకుంది. ఇద్దరి కన్నీళ్ళూ కలిసిపోయాయి. లూకియు కూడా ఊదారంగు వేళ్ళతో కళ్ళు తుడుచుకున్నాడు. చేపలు చల్లారిపోయాయన్న బాధ కూడా అందులో కొంత ఉండొచ్చు.

విందు అయ్యాక త్రుఫేన అత్తగారి పాదాల దగ్గర చతికిలబడింది.

"ఇంక స్ముర్న మాట ఎత్తకండి అత్తయ్యా."

"ఎందుకెత్తను? బండివాడికి మాటిచ్చాను. మీరిద్దరూ నాతో వస్తున్నారు."

"మేమా?"

"ఒక్క పూట ముద్దులకు నేను పడిపోతానా? పెళ్ళిళ్ళలో ఇంతకన్నా పెద్ద ఏడుపులు చూశాను. ఒకే బండిలో, నాకు చెరో పక్కన, స్ముర్న దాకా కూర్చోండి. అప్పటికీ మాటలు మిగిలుంటే అమ్మాయిని చూసి మీతోనే తిరిగొస్తాను. లేకపోతే అక్కడే దిగిపోతాను."

మర్నాడు బండి ఊరి ద్వారం దాటకముందే మొదలైంది. ఉన్ని ధర, లూకియు భార్య కొత్త చెవిపోగులు, జోతికు గురక, ఆ పక్కింటామె కోడలు. ద్రాక్షతోటలు వచ్చాయి, పోయాయి. నెలల తరబడి దాచుకున్న కబుర్లన్నీ ఒకరి మాట ఒకరు తుంచుకుంటూ దొర్లించారు. ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చున్న అర్తెమిదోర ఒక కునుకు తీద్దామని చూసి, కుదరక కళ్ళు తెరిచింది.

"తల్లుల్లారా, ఒక్క క్షణం ఊపిరి పీల్చుకోండి. నేనూ ఒక మాట చెప్పాలి."

ఇద్దరూ ఆగారు.

"మీలో చేరేవాళ్ళకు నీళ్ళలో ముంచి స్నానం చేయిస్తారే... అది చలి ముదరకముందు అయితే నేనూ చేస్తాను. ముంచేవాణ్ణి కాస్త తొందరగా పైకి తీయమని చెప్పండి."

కోడళ్ళిద్దరూ ఒక్కసారిగా ఏడుపు మొదలుపెట్టారు. బండివాడు కంగారుపడి ఎద్దుల్ని ఆపబోయాడు.

"పోనియ్ నాయనా," అంది ముసలావిడ. "ఏమీ కాలేదు. సంతోషం."

నిద్ర నటిస్తూ కళ్ళు మూసుకుంది. ఒక చెయ్యి పెద్దకోడలి ఒళ్ళో, ఇంకో చెయ్యి చిన్నకోడలి ఒళ్ళో ఉంది. స్ముర్న దాకా తియ్యలేదు.